పనిలో దిగకముందే శిక్షణ: పనిచోట భద్రత గురించి ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన సంగతులు



మీ ఇంటి మనిషిని చూసుకోవడానికి ఆసుపత్రికి వచ్చి, ఖాళీ సమయంలో ఈ పుస్తకం తెరిచారు. మీవారు జ్వరంతోనో, కాన్పు కోసమో, షుగరు పరీక్ష కోసమో వచ్చి ఉండవచ్చు. పనిచోట దెబ్బ తగిలి వచ్చి ఉండవచ్చు కూడా. జ్వరం గురించి, షుగరు గురించి ఈ పుస్తకంలో వేరే పేజీలు ఉన్నాయి. ఈ పేజీలు పనిచోట తగిలే దెబ్బల గురించి. ఆ దెబ్బలకు వేసే మందు గురించి కాక, దెబ్బ తగలకుండా ముందుగా ఇవ్వవలసిన శిక్షణ గురించి ఇక్కడ చెప్పుకుందాం.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతంలో కట్టడం పని ఆగలేదు. ఒక భవనం పూర్తయ్యేలోగా పక్కన మరొక సెల్లారు తవ్వుతారు. పాలమూరు నుండి, శ్రీకాకుళం, విజయనగరం నుండి, ఒడిశా, బీహారు, ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చినవారు ఇక్కడ మేస్త్రీలుగా, కూలీలుగా, సెంట్రింగ్ పనివారుగా, పెయింటర్లుగా బతుకుతున్నారు. భవనం పూర్తయ్యాక దాన్ని నడపడానికి హౌస్‌కీపింగ్ వారు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, లిఫ్టు మెకానిక్కులు, వాచ్‌మెన్‌లు కావాలి.

ఈ పుస్తకం చదివేవారిలో ఈ పనులు చేసేవారి కుటుంబాలు ఉన్నాయి. ఈ పనులు చేయించేవారి కుటుంబాలూ ఉన్నాయి. చిన్న కాంట్రాక్టరు, అపార్టుమెంటు సంఘం కార్యదర్శి, సొంత ఇల్లు కట్టించుకుంటున్న ఉద్యోగి, వీరందరూ పని చేయించేవారే. అందువలన ఇక్కడ చెప్పే మాటలు ఇద్దరికీ వర్తిస్తాయి.

మన పక్కనే జరిగినవి

2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మురుగునీటి మ్యాన్‌హోల్‌లోకి దిగిన పనివారు విషవాయువు వలన ఊపిరాడక పడిపోయారు. వారిని చూసి, కాపాడాలని ఒక క్యాబ్ డ్రైవరు లోపలికి దిగాడు. ఆ పనితో అతనికి ఏ సంబంధమూ లేదు. అతను కూడా తిరిగి రాలేదు. ఆ రోజు మొత్తం నలుగురు చనిపోయారు.

అంతకు ముందు సంవత్సరం, 2015 నవంబరులో, కేరళలోని కోళికోడ్ పట్టణంలో మ్యాన్‌హోల్ పనికి వెళ్లిన మన ఆంధ్ర కార్మికులు ఇద్దరు లోపల చిక్కుకున్నారు. అటుగా వచ్చిన ఒక ఆటో డ్రైవరు వారి కోసం దిగాడు. ముగ్గురూ చనిపోయారు.

2021 నవంబరులో మన కొండాపూర్‌లోనే ఒక అపార్టుమెంటు సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి వచ్చినవారిలో ఇద్దరు ఊపిరాడక ప్రాణాలు కోల్పోయారు.

ఈ మూడు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. లోపలికి దిగినవారికి అక్కడ ఏమి ఉన్నదో తెలియదు. పైన నిలబడినవారికి ఏమి చేయాలో తెలియదు. ఆ క్యాబ్ డ్రైవరుకు, ఆటో డ్రైవరుకు మంచి మనసు ఉన్నది, ధైర్యం ఉన్నది. కాని గుంతలోని గాలి మనిషి మంచితనాన్ని చూడదు. కాపాడే పద్ధతి తెలియకుండా దిగితే ఒక చావు రెండవుతుంది, రెండు మూడవుతాయి. శిక్షణ దిగే మనిషికి ఎంత అవసరమో, పైన నిలబడే మనిషికి కూడా అంతే అవసరం. ఈ వ్యాసంలో మీరు ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే అది ఇదే.

గుంతలో ఏముంటుంది?

మనం పీల్చే మామూలు గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉంటుంది. అది 19.5 శాతం కంటే తగ్గితే ఆ చోటును ప్రమాదకరంగా లెక్కిస్తారు. 10 శాతం కంటే తగ్గితే మనిషి స్పృహ తప్పుతాడు. ఇంకా తగ్గితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోతుంది.

సెప్టిక్ ట్యాంకులో, మ్యాన్‌హోల్‌లో మలినం కుళ్లినప్పుడు కొన్ని వాయువులు పుడతాయి. వాటిలో ముఖ్యమైనవి హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్, కార్బన్ డయాక్సైడ్. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువ ఉన్నప్పుడు ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలియదు. పనివాడు వాసన పోయింది, గాలి బాగుపడింది అనుకుంటాడు. నిజానికి అప్పుడే ప్రమాదం పెరిగింది. మోతాదు బాగా ఎక్కువైతే ఒకటి రెండు శ్వాసలకే మనిషి కూలిపోతాడు. కేక వేయడానికి, నిచ్చెన ఎక్కడానికి కూడా వ్యవధి ఉండదు.

మీథేన్‌కు వాసన లేదు. అది నిప్పు తగిలితే మండుతుంది, పేలుతుంది. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు కనుక అడుగున నిలిచి ఉంటుంది. ట్యాంకులో కదలకుండా ఉన్న మడ్డిని కర్రతో కలిపినా, పారతో తీసినా, అందులో చిక్కుకుని ఉన్న వాయువు ఒక్కసారిగా పైకి వస్తుంది. దిగినప్పుడు బాగానే ఉన్న మనిషి పని మొదలుపెట్టాక పడిపోవడానికి ఇది ఒక కారణం.

ఈ ప్రమాదం మురుగు గుంతలకే పరిమితం కాదు. చాలాకాలం మూసి ఉంచిన నీటి సంపు, పాడుబడిన బావి, లోపల రంగు వేస్తున్న ట్యాంకు, ఇవి కూడా ఇటువంటివే. గాలి ఆడని ఇరుకు చోటు ఏదైనా సరే, అనుమానించవలసిందే.

పనివారిలో ఉన్న కొన్ని నమ్మకాల గురించి చెప్పాలి.

ఒక గంటసేపు మూత తీసి ఉంచితే చాలు అంటారు. చాలదు. పైనున్న గాలి మారవచ్చు గాని అడుగున ఉన్న గాలి మారిందో లేదో కంటికి కనబడదు.

దీపం దించి చూస్తే తెలుస్తుంది అంటారు. దీపం హైడ్రోజన్ సల్ఫైడ్‌ను చూపించదు. మీథేన్ ఉంటే ఆ దీపమే పేలుడుకు కారణమవుతుంది.

ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే చాలు అంటారు. గుడ్డ గాని, కరోనా కాలంలో మనం కట్టుకున్న మాస్కు గాని వాయువును ఆపలేవు. అవి ఆక్సిజన్‌ను పుట్టించలేవు.

కొంచెం మందు తాగి దిగితే ఏమీ తెలియదు అంటారు. ఏమీ తెలియకపోవడమే అక్కడ ప్రాణాంతకం.

లోపలి గాలి ఎలా ఉందో గ్యాస్ మీటరు ఒక్కటే చెప్పగలదు. ఆ మీటరు ఉండాలి, దాన్ని చదవడం తెలిసిన మనిషి ఉండాలి.

చట్టం ఏమి చెబుతున్నది?

పనివారికి శిక్షణ ఇవ్వడం యజమాని దయ మీద ఆధారపడిన సంగతి కాదు. అది చట్టం. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు లీకై వేలమంది చనిపోయిన తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. పనిలోని ప్రమాదాల గురించి సమాచారం, శిక్షణ పొందడం కార్మికుని హక్కు అని అప్పుడు అందులో చేర్చారు. కట్టడం పనివారి కోసం 1996లో వేరే చట్టం వచ్చింది.

ఇప్పుడు ఈ పాత చట్టాల స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 ఉన్నది. ఇది 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. పేరు పొడవుగా ఉన్నా ఇందులోని ముఖ్యమైన సంగతులు సులభమే.

1. ఫ్యాక్టరీలలో, కట్టడం పనులలో పనివారికి అవసరమైన సమాచారం, సూచనలు, శిక్షణ, పర్యవేక్షణ యజమాని ఇవ్వాలి.

2. భద్రత కోసం చేసిన ఖర్చును పనివాని నుండి వసూలు చేయకూడదు. హెల్మెట్ డబ్బులు, బెల్టు డబ్బులు అని కూలి నుండి కోయడం తప్పు.

3. తన భద్రత గురించి యజమానిని సమాచారం అడిగే హక్కు పనివానికి ఉన్నది. ప్రాణాపాయం కనబడితే ఆ సంగతి యజమానికి తెలియజేసే హక్కు ఉన్నది.

4. 250 మంది లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే కట్టడం దగ్గర సేఫ్టీ ఆఫీసరు ఉండాలి.

5. యజమాని తన బాధ్యత నెరవేర్చకపోవడం వలన మనిషి చనిపోతే, రెండు సంవత్సరాల వరకు జైలు గాని, 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం చనిపోయినవారి కుటుంబానికి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు.

సెప్టిక్ ట్యాంకుల విషయంలో 2013 నాటి చట్టం వేరుగా ఉన్నది. రక్షణ సామగ్రి లేకుండా, జాగ్రత్తలు పాటించకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి గాని, మురుగు కాలువలోకి గాని దింపడం నేరం. నేరుగా దింపినా, మరొకరి ద్వారా దింపించినా నేరమే. మొదటిసారి తప్పుకే రెండు సంవత్సరాల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఇటువంటి పనిలో మనిషి చనిపోతే కుటుంబానికి 30 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. అంతకు ముందు, 2014 తీర్పు ప్రకారం, అది 10 లక్షలు.

డబ్బు మనిషిని తిరిగి తేలేదు. అయినా ఈ సంగతి తెలియక వేలల్లో సర్దుబాటు చేసుకుని ఊరికి వెళ్లిపోయే కుటుంబాలు ఉన్నాయి కనుక చెబుతున్నాం.

యజమాని ఎవరు?

ప్రమాదం జరిగిన తరువాత తరచుగా వినబడే మాట ఒకటి ఉన్నది. మాకేమి తెలుసు, కాంట్రాక్టరుకు అప్పగించాం అని ఇంటివారు అంటారు. కాంట్రాక్టరును అడిగితే, వాళ్లు అలవాటైన మనుషులు, మేము చెప్పేదేముంది అంటాడు. ఈ ఇద్దరి మధ్య శిక్షణ ఎవరూ ఇవ్వలేదు.

పవిత్ర గ్రంథములో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఇల్లు కట్టేవారికి ఒక ఆజ్ఞ ఉన్నది. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవరైనా అక్కడ నుండి పడిపోతే ఆ దోషం ఆ ఇంటి మీదికి వస్తుంది. పడినవాడు జాగ్రత్తగా నడవవలసింది అని అక్కడ చెప్పలేదు. గోడ కట్టే బాధ్యత ఇంటివానిదే. ఏ మతంవారైనా ఒప్పుకునే న్యాయం ఇది. ఈనాటి చట్టం చెప్పేది కూడా దాదాపు ఇదే.

కనుక అపార్టుమెంటు సంఘాల పెద్దలకు మా మనవి. సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు తక్కువ రేటుకు వచ్చే మనుషులను పిలిచి, బకెట్టు, తాడు ఇచ్చి దింపకండి. యంత్రంతో తీసే ఏర్పాటు మన నగరంలో ఉన్నది. 2017లో జలమండలి ఇరుకు వీధులలో కూడా తిరిగే చిన్న జెట్టింగ్ యంత్రాలను 70 వరకు ప్రవేశపెట్టింది. జలమండలి ఫోను నంబరు 155313. యంత్రానికి అయ్యే ఖర్చును సంఘంలోని ఇళ్లన్నిటికీ పంచితే తలకు ఎంత వస్తుందో ఒకసారి లెక్క వేసి చూడండి.

శిక్షణ అంటే ఎలా ఉండాలి?

చాలాచోట్ల శిక్షణ అంటే ఒక కాగితం మీద సంతకమో, వేలిముద్రో. ఆ కాగితం ఆఫీసు ఫైలులో భద్రంగా ఉంటుంది. మనిషికి మాత్రం ఏమీ తెలియదు. మంచి శిక్షణకు కొన్ని గుర్తులు ఉన్నాయి.

పని మొదలుపెట్టకముందే ఇవ్వాలి. కొత్తగా చేరినవారికి ప్రమాదం ఎక్కువ. వారికి ఆ చోటు తెలియదు, అడగడానికి మొహమాటం. చేరిన మొదటి రోజే చెప్పాలి. పని మారినప్పుడు, యంత్రం మారినప్పుడు మళ్లీ చెప్పాలి.

పనివానికి తెలిసిన భాషలో ఇవ్వాలి. ఒడిశా నుండి వచ్చిన మనిషికి తెలుగులో, బీహారు నుండి వచ్చిన మనిషికి ఇంగ్లీషులో చెబితే తల ఊపుతాడు, అంతే. చదువు రానివారికి బొమ్మలతో, చేసి చూపించి చెప్పాలి.

చేయించి చూడాలి. సేఫ్టీ బెల్టు ఎలా వేసుకోవాలో చెప్పడం సగం పని. అతని చేత వేయించి, కొక్కెం గట్టి ఆధారానికి తగిలించి చూపించమనడం మిగతా సగం. మేము నర్సింగ్ నేర్చుకున్నప్పుడు కూడా ఇంజెక్షను గురించి పుస్తకంలో చదివినంత మాత్రాన వార్డులోకి పంపలేదు. బొమ్మ మీద చేయించి, పక్కన నిలబడి చూసి, అప్పుడు పంపారు.

ప్రతి ఉదయం గుర్తు చేయాలి. పెద్ద కంపెనీలలో పని మొదలయ్యే ముందు పది నిమిషాలు అందరినీ నిలబెట్టి ఆ రోజు పని ఏమిటి, అందులో ప్రమాదం ఏమిటి అని చెబుతారు. దీన్ని టూల్‌బాక్స్ టాక్ అంటారు. పదిమందితో పనిచేయించే మేస్త్రీ కూడా ఇది చేయవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు.

ప్రమాదం జరిగితే ఏమి చేయాలో నేర్పాలి. ఎవరికి ఫోను చేయాలి, మెయిన్ స్విచ్ ఎక్కడ ఉన్నది, ఎవరు లోపలికి వెళ్లకూడదు అన్నవి ముందే తెలిసి ఉండాలి. 2020 మే నెలలో విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుండి తెల్లవారుజామున విషవాయువు వచ్చి ఊరి మీద పడింది. సైరన్ మోగించడానికి ఫ్యాక్టరీలో చాలాచోట్ల బటన్లు ఉన్నా ఎవరూ నొక్కలేదని విచారణ చేసిన ప్రభుత్వ కమిటీ చెప్పింది. సామాను ఉంటే చాలదు, సమయానికి చేయి దాని మీదకు వెళ్లాలి. అలా వెళ్లాలంటే ముందు అలవాటు చేయించాలి.

కట్టడం పనులు నేర్చుకోవాలనుకునే యువకులు మన కొండాపూర్ దగ్గరే ఉన్న న్యాక్, అంటే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ గురించి తెలుసుకోండి. 1998లో ఏర్పడిన ఈ సంస్థ మేస్త్రీ పని, ప్లంబింగు, ఎలక్ట్రికల్, పెయింటింగు వంటి పనులలో శిక్షణ ఇస్తుంది. పనిని పద్ధతిగా నేర్చుకున్నవాడు జాగ్రత్తను కూడా పనితో పాటే నేర్చుకుంటాడు.

ఎత్తులో పని, కరెంటు పని

గుంతలే కాక ఎత్తు నుండి పడటం, కరెంటు షాకు కూడా ప్రాణాలు తీస్తాయి. వీటిలో కూడా ముందే నేర్పవలసినవి ఉన్నాయి.

ఎత్తులో పనిచేసేవారు నడుముకు మాత్రమే కట్టే బెల్టు కంటే భుజాలు, తొడలు కలిపి పట్టే పూర్తి బెల్టు వేసుకోవాలి. నడుము బెల్టు మీద పడితే కడుపుకు, వెన్నుకు దెబ్బ తగులుతుంది. బెల్టు వేసుకుని కొక్కెం తగిలించకపోతే బెల్టు లేనట్టే. కొక్కెం పరంజా కర్రకు కాకుండా, మనిషి బరువు ఆపగల గట్టి ఆధారానికి తగిలించాలి. బెల్టు మీద వేలాడుతున్న మనిషిని త్వరగా దించాలి. కదలకుండా ఎక్కువసేపు వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోయి స్పృహ తప్పుతుంది. లిఫ్టు కోసం వదిలిన ఖాళీకి, స్లాబులో వదిలిన రంధ్రాలకు అడ్డు కట్టాలి. వాటిపై ఊరికే ప్లైవుడ్ ముక్క వేయడం మరీ ప్రమాదం, నేల అనుకుని కాలు వేస్తారు.

కరెంటు పనికి తడి చేతులతో, చెప్పులు లేకుండా వెళ్లకూడదు. ప్లగ్గు లేకుండా వైరు కొసలను సాకెట్టులో గుచ్చడం మన సైట్లలో రోజూ కనబడుతుంది. దీన్ని ఆపాలి. షాకు కొట్టగానే కరెంటును ఆపే ఆర్‌సీసీబీ అనే స్విచ్ ప్రతి సైటు బోర్డులో ఉండాలి. పొడవైన ఇనుప చువ్వలు, అల్యూమినియం నిచ్చెనలు మోసేటప్పుడు తల పైకెత్తి హైటెన్షన్ తీగలు ఎక్కడ ఉన్నాయో చూడాలి. ఆ తీగను తాకనవసరం లేదు, బాగా దగ్గరకు వెళ్లినా కరెంటు దూకుతుంది.

ప్రమాదం జరిగిన వెంటనే

గుంతలో మనిషి పడిపోతే లోపలికి దిగకండి. మీ అన్న అయినా, మీ కొడుకు అయినా దిగకండి. ఈ మాట రాయడం మాకు కష్టంగానే ఉంది. కాని మీరు దిగితే ఆ ఇంట్లో ఇద్దరు పోతారు. వెంటనే 112కు గాని, 101కు గాని ఫోను చేసి, గుంతలో మనిషి పడిపోయాడు, విషవాయువు ఉంది అని స్పష్టంగా చెప్పండి. అంబులెన్సు కోసం 108కి చేయండి. అతని నడుముకు ముందే తాడు కట్టి ఉంటే పై నుండే లాగండి. అందుకే ఎవరు ఎటువంటి ఇరుకు చోట దిగినా తాడు, పైన ఒక మనిషి తప్పనిసరి. బ్లోయరు ఉంటే లోపలికి మంచి గాలి పంపండి. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానివ్వకండి.

బయటకు తీసిన మనిషిని గాలి ఆడే చోట వెల్లకిలా పడుకోబెట్టండి. పిలిచినా పలకక, శ్వాస లేకపోతే, ఛాతీ మధ్యలో అరచేతి మడమ ఉంచి, దానిపై రెండో చేయి వేసి గట్టిగా నొక్కండి. ఛాతీ సుమారు రెండు అంగుళాలు లోపలికి పోవాలి. నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. అంబులెన్సు వచ్చేవరకు మనిషి మార్చి మనిషి చేస్తూ ఉండండి.

ఎత్తు నుండి పడిన మనిషిని చేతులు, కాళ్లు పట్టి ఎత్తకండి. మంచినీళ్లు తాగించకండి. కూర్చోబెట్టకండి. మెడ, తల, వెన్ను ఒకే వరుసలో ఉంచండి. అంబులెన్సు రాక చాలా ఆలస్యమైతే నలుగురు కలిసి చెక్క పలక మీదకు ఒక్కసారిగా జరిపి తీసుకురండి. ఆటోలో ముడిచి కూర్చోబెట్టి తీసుకొస్తే, విరిగిన ఎముక వెన్నుపామును కోయవచ్చు. నడవగలిగేవాడు జీవితమంతా మంచం పట్టవచ్చు.

షాకు కొట్టిన మనిషిని తాకే ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతో వైరును పక్కకు నెట్టండి. హైటెన్షన్ తీగ అయితే కర్రతో కూడా దగ్గరకు వెళ్లకండి. 1912కు ఫోను చేసి కరెంటు ఆపించండి. షాకు తగిలి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకురండి. గుండె కొట్టుకునే తీరులో తేడా తరువాత కూడా రావచ్చు.

ఆసుపత్రిలో నిజం చెప్పండి

క్యాజువాల్టీలో మేము అడిగే మొదటి ప్రశ్న, ఎలా జరిగింది అని. కొన్నిసార్లు వెంట వచ్చిన మనిషి కుటుంబాన్ని పక్కకు పిలిచి, ఇంట్లో మెట్ల మీద జారిపడ్డాడని చెప్పండి, ఖర్చంతా మేము చూసుకుంటాం అని చెబుతాడు. భయంతో, మొహమాటంతో కుటుంబంవారు అలాగే చెబుతారు.

ఇలా చెప్పకండి. మొదటిది, వైద్యానికే నష్టం. రెండో అంతస్తు నుండి పడిన మనిషికి చేసే పరీక్షలు వేరు, మెట్టు మీద జారిన మనిషికి చేసేవి వేరు. ఏ వాయువు పీల్చాడో, ఎంత ఎత్తు నుండి పడ్డాడో తెలియకపోతే లోపలి దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది. రెండవది, ఆసుపత్రి రికార్డులో రాసిన మాట తరువాత మీకు సాక్ష్యం. పనిచోట జరిగిన ప్రమాదానికి జీతాన్ని, వయసును బట్టి నష్టపరిహారం పొందే హక్కు కార్మికునికి, అతని కుటుంబానికి ఉన్నది. కాంట్రాక్టరు ద్వారా పనిచేసినా ఆ హక్కు పోదు. ఇప్పుడు అమలులో ఉన్న సామాజిక భద్రత కోడ్ ప్రకారం ఇంటి నుండి పనికి వెళ్లేటప్పుడు, పని నుండి వచ్చేటప్పుడు జరిగే ప్రమాదం కూడా, పనితో దానికి సంబంధం ఉంటే, ఇందులోకి వస్తుంది. మెట్ల మీద పడ్డాడని రాయించుకుంటే ఆ దారి మీరే మూసుకున్నట్టు.

పనిచోటు పేరు, ప్రమాదం జరిగిన సమయం, చూసినవారి పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, బిల్లులు పారేయకండి. ఈఎస్ఐ కార్డు ఉంటే చూపించండి. కట్టడం పనివారు 18 నుండి 60 సంవత్సరాల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే కార్మిక శాఖ సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. ప్రమాదం జరగకముందే ఇది చేయించండి.

ఇంట్లో అడగవలసిన ప్రశ్నలు

అన్నం డబ్బా కట్టి ఇచ్చే అమ్మకు, భార్యకు, అక్కకు ఒక మాట. కాంట్రాక్టరును నిలదీయడం మీ చేత కాకపోవచ్చు. ఇంటి మనిషిని అడగడం మీ చేతిలో ఉన్న పని. కొత్త పనిలో చేరినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి.

1. ఈ పనిలో ప్రమాదం ఏమిటో నీకు ఎవరైనా చెప్పారా? నీకు అర్థమైన భాషలో చెప్పారా?

2. బెల్టు, హెల్మెట్, బూట్లు ఇచ్చారా? వాటిని వేసుకోవడం చేయించి చూపించారా?

3. గుంతలోకి, సంపులోకి, ట్యాంకులోకి దిగమంటే ఏమంటావు?

4. పక్కవాడు పడిపోతే నువ్వు ఏమి చేస్తావు?

నాలుగవ ప్రశ్నకు అతని జవాబు, వెంటనే దిగి పట్టుకుంటాను అని వస్తే, ఈ పేజీలు అతని చేత చదివించండి. చదవడం రాకపోతే మీరు చదివి వినిపించండి. చిన్న వయసు పిల్లలకు మరీ ముఖ్యం. పెద్దవారు చెబితే కాదనలేక దిగేది వారే. దిగను, యంత్రాన్ని పిలవండి అని చెప్పడం పిరికితనం కాదని ఇంట్లోవారు ముందుగా చెబితే వారికి ధైర్యం వస్తుంది.

యజమానులైన పాఠకులు ఇవే ప్రశ్నలను తమ దగ్గర పనిచేసేవారిని అడగండి. నాలుగింటికీ సరియైన జవాబు వచ్చేవరకు పని మొదలుపెట్టించకండి.

ఈ ఆసుపత్రిలో ఉన్న మీవారు త్వరగా కోలుకోవాలని మా ప్రార్థన. కోలుకుని తిరిగి పనికి వెళ్లే రోజున, ఈ పుస్తకాన్ని వారి చేతి సంచిలో పెట్టండి.